ఐదు పుస్తకాలు, ఒక్క సాక్షి

ఆశ్వయుజ పౌర్ణమి దగ్గరపడుతుంటే మా ఆసిఫాబాద్ వైపు బడుల్లో వ్యాసరచన పోటీలు మొదలవుతాయి. అంశం వెతుక్కునే పని లేదు. జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి ఆ పున్నమినాడే చేస్తారు కాబట్టి ప్రతి బడిలోనూ భీం మీదే రాయిస్తారు. నేను గోండు బిడ్డను, ఆశ్రమ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులును. ఇన్నేళ్ళలో భీం మీద వందల వ్యాసాలు దిద్ది ఉంటాను. వాటిలో చాలావాటికి మొదటి వాక్యం చదివితే చాలు, చివరి వాక్యం తెలిసిపోతుంది. గైడులో ఒక పేరా, పత్రిక ప్రత్యేక సంచికలో ఒక పేరా, ఫోన్లో దొరికింది ఇంకో పేరా. మూడూ కలిపితే నాలుగు పేజీలు. పిల్లవాడి మాట అందులో ఒక్కటి ఉండదు.

తప్పు పిల్లలది అనుకోను. పది చోట్ల చదివి ఒక చోట రాయడం ఎట్లాగో, అది దొంగతనం కాకుండా ఎట్లా చూసుకోవాలో మన బడుల్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. "చూసి రాయకండి, సొంతంగా రాయండి" అని మాత్రం అంటాం. ఒక తెలివైన పిల్ల నన్ను అడగనే అడిగింది: "సొంతంగా అంటే ఎట్ల సార్? నేనేమన్న భీంను చూసిన్నా?" ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పకుండా గ్రంథచౌర్యం తప్పు, తప్పు అని అరిస్తే లాభం లేదు.

ఆ జవాబు మాకు ఒక తేదీ దగ్గర దొరికింది.

తొమ్మిదో తరగతి పిల్లలను ఐదు జట్లు చేసి, భీం మీద ఏది దొరికితే అది తెమ్మన్నాను. ఒక జట్టు పోటీ పరీక్షల గైడు తెచ్చింది. ఒకటి పత్రిక అనుబంధం, ఇంకొకటి ఏదో సంఘం వేసిన కరపత్రం, నాలుగోది ఒక చిన్న జీవిత చరిత్ర, ఐదోది ఫోన్లోంచి ఎత్తి రాసుకున్న నాలుగు కాగితాలు తెచ్చాయి. భీం ఎప్పుడు చనిపోయాడో ఒక్కో జట్టును లేచి చెప్పమని బోర్డు మీద రాశాను. ఏడు 1940 అన్నదాంట్లో పేచీ లేదు. తేదీ దగ్గరే వచ్చింది. ఒకరు సెప్టెంబరు 1 అన్నారు. ఒకరు అక్టోబరు 27 అన్నారు. మిగిలిన మూడు జట్లూ అక్టోబరు 8 అన్నాయి.

"మూడు బుక్కులల్ల అక్టోబర్ ఎనిమిదే ఉంది సార్. ఎక్కువ మంది చెప్పిందే నిజం కద?" అన్నాడొక పిల్లవాడు. తరగతంతా తలూపింది. ఓట్లు లెక్కపెట్టినట్టే.

ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆ పేరా గట్టిగా చదవమన్నాను. మూడింటిలోనూ అదే వాక్యం. అదే చోట కామా. ఒక ఊరి పేరులో అదే అచ్చుతప్పు. చదువుతుంటేనే పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

అప్పుడు వాళ్ళను ఒక్కటే అడిగాను. "మన రాయి సెంటర్‌లో ఒక తగువు వచ్చింది. ముగ్గురు సాక్షులు వచ్చారు. ముగ్గురూ ఒకే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఒకే చోట దగ్గి మరీ చెప్పారు. మన సార్‌మేడి ఏమంటాడు?"

"ఎవలో నేర్పిచ్చి పంపిండ్రు అంటడు సార్."

అంతే. మూడు పుస్తకాలు మూడు సాక్ష్యాలు కావు. ఒక్క సాక్షి మూడు చొక్కాలు మార్చుకుని వచ్చాడు. మొదట రాసింది ఎవరో, అతను ఎక్కడ విన్నాడో మనకు తెలియకుండా చేసింది ఆ తర్వాతి ఇద్దరూ. ఎత్తి రాసి, ఎక్కడినుంచి ఎత్తారో చెప్పకపోవడం వల్ల ఒకరి మాట ముగ్గురి మాటలా కనిపించింది. గ్రంథచౌర్యం అంటే ఇంకొకరి సొత్తు కాజేయడం అని చెబుతాం. అది నిజమే. కానీ మనలాంటి వాళ్ళకు, పుస్తకాల్లోకి ఆలస్యంగా ఎక్కిన వాళ్ళకు, అసలు నష్టం ఇంకోటి. వెనక్కి నడిచి వెళ్ళి సరిచూసుకునే దారి మూసుకుపోతుంది.

కథ అక్కడితో అయిపోలేదు. వెనక బెంచీలో కూర్చున్న కొలాం పిల్లవాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, "మా తాత పున్నమి అంటడు సార్, తారీఖు చెప్పడు" అన్నాడు. నిజమే. జోడేఘాట్‌లో చేసేది కూడా ఆశ్వయుజ పౌర్ణమినాడే. మన పెద్దలు నెలపొడుపును, పున్నమిని, పండుగను గుర్తుపెట్టుకుంటారు. ఇంగ్లీషు తేదీ తర్వాత ఎవరో అతికించింది. ఆ అతుకు సరిగ్గా ఉందా లేదా చూడాలి కదా. మా సైన్సు పంతులును పిలిచాను. "అన్నా, 1940లో ఆశ్వయుజ పున్నమి ఎప్పుడొచ్చిందో చెప్పగలవా?" అన్నాను. ఆయన మరునాడు ఒక మంచి ఉపాయంతో వచ్చాడు.

1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మన దేశంలో కాదు, బ్రెజిల్, దక్షిణాఫ్రికా ప్రాంతాల్లో కనిపించింది. సూర్యగ్రహణం అమావాస్యనాడు తప్ప పట్టదని పిల్లలకు తెలుసు. అంటే అక్టోబరు 1 అమావాస్య. అక్కడి నుంచి పదిహేను రోజులు లెక్కపెడితే పున్నమి అక్టోబరు 16 ప్రాంతంలో పడుతుంది. అక్టోబరు 8నాటికి అమావాస్య దాటి వారమే, ఆకాశంలో సగం చంద్రుడు. అక్టోబరు 27 అంటే మళ్ళీ అమావాస్య మూడు రోజుల్లోకి వచ్చేసింది. సెప్టెంబరు 1 అయితే అమావాస్య ముంగిట్లోనే ఉంది. పుస్తకాలు చెప్పిన మూడు తేదీల్లో ఒక్కటీ పున్నమి కాదు! కానీ పిల్లలు తెచ్చిన కాగితాల్లో "అక్టోబరు 8, ఆశ్వయుజ పౌర్ణమి" అని రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఎవరో ఒక పుస్తకంలో తేదీ తీసుకుని, ఇంకోచోట విన్న తిథి దానికి కలిపారు. రెండూ పొసుగుతాయా అని చూసుకోలేదు. ఆ తర్వాతి వాళ్ళు ఆ అతుకును అట్లాగే ఎత్తి రాసుకున్నారు.

ఈ లెక్కతో భీం చనిపోయిన రోజు తేలిపోయిందని నేను పిల్లలకు చెప్పలేదు. ఆ తేదీ, ఆ తిథి ఒకే వాక్యంలో నిలబడవు అని మాత్రమే చెప్పాను. ఒక ముసలాయన జ్ఞాపకం, ఒక గ్రహణం, ఐదు కాగితాలు పక్కపక్కన పెడితే ఏ ఒక్కదాంట్లోనూ లేని ఒక కొత్త సంగతి తెలిసింది. "నేను భీంను చూడలేదు కదా, సొంతంగా ఎట్లా రాయను" అన్న పిల్లకు అదే నా జవాబు. విషయం నీది కానక్కరలేదు. వాటిని పక్కపక్కన పెట్టి చూసిన చూపు నీది. ఎవరు ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు, ఎందుకు అని నువ్వు అడిగిన ప్రశ్న నీది. దాన్నే సొంతంగా రాయడం అంటారు.

ఇక పుస్తకాలన్నీ ఒక్క రకంవి కావు. సంతలో ఇప్పపువ్వునూ, చింతపండునూ ఒకే కొలతతో కొనం. చదివేటప్పుడు కూడా అంతే. భీం మీద రాసేవాళ్ళు తరచూ ముట్టే రాతలు కొన్ని చూద్దాం.

హైమన్‌డార్ఫ్ ఉన్నాడు. వియన్నాలో 1909లో పుట్టిన మానవ శాస్త్రవేత్త. జోడేఘాట్ కాల్పుల తర్వాత మన ప్రాంతానికి వచ్చి మార్లవాయిలో ఉండి గోండుల మధ్య పనిచేశాడు. "ట్రైబల్ హైదరాబాద్" 1945లో, "ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్" 1948లో వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ తిరిగి చూసి "ట్రైబ్స్ ఆఫ్ ఇండియా" 1982లో అచ్చు వేశాడు. ఆయన సంఘటన జరిగిన కొద్దికాలానికే వచ్చినవాడు, చాలామందిని అడిగి రాసినవాడు. కానీ కాల్పులను కళ్ళారా చూసినవాడు కాదు. పైగా నిజాం ప్రభుత్వం పనికి పెట్టుకున్న మనిషి. ఆ రెండూ గుర్తుపెట్టుకునే ఆయనను చదవాలి.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన "కొమురం భీం" నవల ఉంది. దాన్ని చదివి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు మనలో ఎంతోమంది. అయినా అది నవల. అందులో భీం నోట పలికే మాటలు రచయితలు పలికించినవి. "భీం ఇట్లా అన్నాడు" అని కొటేషన్ పెట్టి ఆ మాటలు వ్యాసంలో రాస్తే, ఒక రచయిత ఊహను తీసుకెళ్ళి చరిత్ర ఖాతాలో వేసినట్టు. "నవలలో భీం ఇట్లా అంటాడు" అని రాస్తే చాలు. ఒక్క మాట చేర్చితే దొంగతనమూ పోయింది, అబద్ధమూ పోయింది.

సినిమా సంగతి చెప్పనక్కరలేదు. 2022లో "ఆర్‌ఆర్‌ఆర్" వచ్చాక భీం, అల్లూరి సీతారామరాజు ఢిల్లీలో దోస్తులు అని రాసిన వ్యాసాలు నా దగ్గరికి వచ్చాయి. సీతారామరాజును చంపింది 1924 మే 7న, మన్యంలో. భీం మీద కాల్పులు జరిగింది 1940లో, మన అడవిలో. మధ్యలో పదహారేళ్ళు. సినిమా వాళ్ళు కల్పన అని చెప్పే తీశారు. మన పిల్లలు ఆ మాట వదిలేసి మిగతాది రాసుకున్నారు.

వీటితో పాటు ఇంకొక గ్రంథం ఉంది. దానికి అట్టలుండవు. అది గూడెంలో అరుగు మీద కూర్చుని ఉంటుంది. మన పిల్లలు దాన్ని గ్రంథం అనుకోరు, అందుకే దాని పేరు రాయరు. నా మనసులో ముల్లులా ఉన్న సంగతి ఇదే. కొంచెం చెప్పుకుంటాను.

మా అమ్మవాళ్ళ నాన్న కథలు బాగా చెప్పేవాడు. నా చిన్నతనంలో పట్నం నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చి, నాలుగు రాత్రులు మా ఇంట్లోనే తిని, పడుకుని, టేపురికార్డరు పెట్టి ఆయన చెప్పిందంతా నింపుకుని పోయారు. నేను డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పుస్తకం చేతికి వచ్చింది. తాత కథ అందులో ఉంది. ఆయన ఊతపదాలతో సహా ఉంది. చెప్పింది ఎవరో మాత్రం లేదు. "ఒక వృద్ధ గోండు" అని ఉంది. ఆ తర్వాత ఆ పుస్తకం చూసి రాసిన ఇంకో ఇద్దరి రాతల్లో ఆ ముక్క కూడా పోయింది. కథ నేరుగా ఆ రచయితలకే తెలిసినట్టు ఉంది. తాత అప్పటికి లేడు. ఉంటే ఆయన కోపం చేసుకునేవాడు కాదేమో. కానీ ఆయనకు ఆ కథ చెప్పిన పర్ధాన్ ఎవరో, ఏ ఊరివాడో ఆయన కథ మొదట్లోనే చెప్పేవాడు. "ఇది నాది కాదు, ఫలానా ఆయన దగ్గర విన్నది" అన్న మాట లేకుండా కథ ఎత్తుకునేవాడే కాదు. చదువు రాని మా తాత పాటించిన మర్యాద, చదువుకున్నవాళ్ళు తప్పారు.

మన మీద రాసినవాళ్ళు మన పెద్దల పేర్లు రాయలేదని మనం బాధపడుతున్నాం. అది న్యాయమైన బాధ. మరి ఇప్పుడు కలం మన చేతిలోకి వచ్చింది. మన పిల్లలు ఎం.ఏ.లు, పీహెచ్‌డీలు చేస్తున్నారు, పుస్తకాలు వేస్తున్నారు. మనమూ ఆ పనే చేస్తే ఎవరిని నిలదీస్తాం? అమ్మమ్మ చెప్పిన చెట్ల మందుల సంగతి "నా పరిశోధనలో తేలింది" అని రాసుకుంటే, అప్పుడు ఆ పట్నం వాళ్ళకూ మనకూ ఏమి తేడా?

అందుకని మా తరగతిలో కొన్ని అలవాట్లు చేశాను. పెద్ద విద్య ఏమీ కాదు. తోటి ఉపాధ్యాయులకు పనికి వస్తాయని చెబుతున్నాను.

మొదటిది, ఒక్కో పుస్తకానికి ఒక్కో కాగితం. కాగితం పైన ముందు పేరు రాయాలి. ఎవరు రాశారు, ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఏ పేజీ. మనిషి అయితే పేరు, ఊరు, మనం విన్న రోజు. పేరు రాయకుండా కింద ఒక్క అక్షరం రాయకూడదు. ఎందుకంటే పది రోజులు పోయాక ఏ మాట ఏ పుస్తకంలోదో మనకే గుర్తుండదు. గ్రంథచౌర్యంలో సగం కావాలని చేసేది కాదు, కాగితం మీద పేరు లేక జరిగేది. పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపుకుంటే అక్కడికక్కడే దానికి కొటేషన్ గుర్తులు పెట్టేయాలి.

రెండోది, చదివి మూసేయాలి. మూసి, పక్కవాడికి ఇంటి భాషలో చెప్పాలి. గోండు పిల్ల గోండిలో, కొలాం పిల్లవాడు కొలామీలో, లంబాడీ పిల్ల లంబాడీలో. ఆ తర్వాత అట్లా చెప్పినదాన్ని తెలుగులో రాయాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, పిల్లలే నేర్పారు. పుస్తకం తెరిచి పెట్టుకుని "సొంత మాటల్లో" రాయమంటే వాళ్ళు చేసేది ఒక్కటే, మాటలు మార్చడం. గైడులో "అడవి బిడ్డల హక్కుల కోసం నిజాం నిరంకుశ పాలనపై పోరు సలిపిన వీరుడు" అని ఉంటే, "గిరిజనుల హక్కుల కొరకు నిజాం నియంతృత్వ పాలనపై పోరాటం చేసిన యోధుడు" అని రాస్తారు. చొక్కా మారింది, మనిషి అతనే. అదే పిల్ల పుస్తకం మూసి గోండిలో చెప్పినప్పుడు "నిరంకుశ పాలన" అనలేదు. ఆ మాట గోండిలో వెంటనే దొరకలేదు. ఆగి, ఆలోచించి, "మన చేను మనం దున్నుకుంటే వచ్చి ఆపేవాళ్ళు, పశువులు మేపినందుకు పైసలు అడిగేవాళ్ళు" అని చెప్పింది. దాన్నే తెలుగులో రాసింది. ఆ పిల్లకు విషయం అర్థమైంది అనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? బడికి వచ్చాక మన భాష అడ్డం అని ఇన్నాళ్ళూ అన్నారు. ఎత్తి రాయకుండా కాపాడే కంచె కూడా అదే.

మూడోది, వ్యాసాన్ని పుస్తకాల వరసలో కాకుండా ప్రశ్నల వరసలో రాయడం. మొదటి పేరా గైడు, రెండో పేరా పత్రిక, మూడోది నవల అన్నట్టు రాస్తే అది పాత చీరలు కుప్ప పోసినట్టు ఉంటుంది, బొంత అవదు. ఒక పెద్ద కాగితం తీసుకుని నిలువు గళ్ళలో పుస్తకాల పేర్లు, అడ్డ గళ్ళలో ప్రశ్నలు రాయాలి. భీం ఎక్కడ పుట్టాడు? ఊరు వదిలి ఎందుకు పోయాడు? అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడని ఎవరెవరు అంటున్నారు? తిరుగుబాటుకు కారణం ఏమిటి? ఎంతమంది చనిపోయారు? ఒక్కో ప్రశ్నకు ఒక్కో పుస్తకం ఏమంటుందో గడిలో రెండు మాటల్లో నింపాలి. అప్పుడు ఎక్కడ అందరూ కలిశారో, ఎక్కడ విడిపోయారో, ఎక్కడ గడి ఖాళీగా ఉందో కళ్ళముందు కనిపిస్తుంది. ఒక్కో ప్రశ్న ఒక్కో పేరా అవుతుంది. మా పిల్లలు ఆ పట్టిక వేసినప్పుడే చనిపోయినవారి సంఖ్య కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉందని, భీం తోటి చనిపోయినవారి పేర్లు చాలా పుస్తకాల్లో అసలే లేవని తెలిసింది. ఆ ఖాళీ గడి చూసి ఒక పిల్ల "వీళ్ళ ఇండ్లోళ్ళు ఇప్పుడు ఎక్కడున్నరు సార్?" అంది. పరిశోధన అట్లా మొదలవుతుంది.

నాలుగోది, రాసేటప్పుడు ప్రతి మాట ఎవరిదో వాక్యంలోనే చెప్పడం. దీనికి పెద్ద పండితుల పద్ధతులు అక్కరలేదు. తెలుగులో మనకు "అంటాడు", "రాశాడు", "చెప్పింది", "అట" ఉన్నాయి. మా బడిలో ఒక అమ్మాయి రాసిన పేరా దాదాపు ఇట్లా ఉంది:

"భీం చనిపోయింది 1940లో అని మేము చదివిన అన్నిట్లో ఉంది. తేదీ మాత్రం మూడు రకాలుగా ఉంది. జోడేఘాట్‌లో ఆశ్వయుజ పున్నమినాడు చేస్తారు, మా ఊరి పెద్దలు కూడా పున్నమి అనే చెబుతారు. ఆ ఏడు ఆ పున్నమి అక్టోబరు 16 ప్రాంతంలో వచ్చిందని మా సైన్సు సారు గ్రహణం లెక్కతో చూపించారు. పుస్తకాల తేదీలు దానికి కలవవు. తిరుగుబాటు ఎందుకు వచ్చింది అన్నదాంట్లో తేడా తక్కువ. అడవిని రిజర్వు చేసి మన వాళ్ళను ఖాళీ చేయించడం, భూములు బయటివాళ్ళ చేతుల్లోకి పోవడం కారణమని హైమన్‌డార్ఫ్ 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో రాశాడని సారు చదివి చెప్పారు. మా అమ్మమ్మ పుస్తకం చదవలేదు. ఆమె కూడా భూమి కోసమే అంటుంది."

ఈ పేరాలో ఎత్తి రాసిన వాక్యం ఒక్కటి లేదు. నలుగురి మాటలు ఉన్నాయి, నలుగురి పేర్లూ ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకం తాను చదవలేదు కాబట్టి "సారు చదివి చెప్పారు" అని కూడా రాసింది. చదవని పుస్తకాన్ని చదివినట్టు పేరు వేసుకోవడం కూడా ఒక రకం అబద్ధమే అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. విన్నది విన్నానని చెప్పడం ఇంట్లో నేర్చుకుంది.

పై చదువులకు పోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రెండు సంగతులు విడిగా చెప్పాలి. కాపీరైటు వేరు, గ్రంథచౌర్యం వేరు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయాక అరవై ఏళ్ళ వరకు ఆ రచన మీద హక్కు ఉంటుంది. ఆ చట్టం రాసిన తీరును కాపాడుతుంది, అందులోని సంగతులను కాదు. భీం జోడేఘాట్‌లో చనిపోయాడన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. అరవై ఏళ్ళు దాటాక ఆ పుస్తకాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కానీ నూరేళ్ళు దాటినా రాసినవారి పేరు తీసేసి మన పేరు వేసుకునే హక్కు మాత్రం ఎవరికీ రాదు.

రెండోది, విశ్వవిద్యాలయాల్లో ఇది ఇప్పుడు మర్యాద విషయం మాత్రమే కాదు. యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం అయితే ఆరు నెలలు మించకుండా సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఒక ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఇంట్లో మొదటిసారి అంత దూరం చదివిన పిల్లకు ఆ దెబ్బ ఎంత పెద్దదో ఆలోచించండి. తొమ్మిదో తరగతిలో మనం నేర్పకపోతే అక్కడ నేర్పేవాళ్ళు ఉండరు, పట్టుకునే మిషనే ఉంటుంది. పైగా ఆ మిషను అమ్మమ్మ నోటిమాటను ఎత్తుకుంటే పట్టుకోదు. ఆమె మాట కంప్యూటర్లో లేదు. దాన్ని మన మనసే పట్టుకోవాలి.

ఇప్పుడు ఫోన్‌ను అడిగితే వ్యాసం మొత్తం అదే రాసి ఇస్తోంది. దాన్ని వాడొద్దని నేను పిల్లలతో దెబ్బలాడను. ఆ మాట ఎక్కడిదో అది చూపించగలదా, చూపించిన చోటికి మనం వెళ్ళి చూశామా, అని రెండు ప్రశ్నలు అడగమంటాను. ఊరూ పేరూ లేని సాక్షిని మన పంచాయితీలో కూర్చోనివ్వం కదా.

పెద్దల మాట రాసుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. అడిగి రాయాలి. "తాతా, నువ్వు చెప్పింది నీ పేరుతో పుస్తకంలో వేస్తాం, సరేనా?" అని అడగాలి. కొన్ని దేవుడి సంగతులు, కొన్ని మందుల సంగతులు బయట రాయొద్దు అంటారు. అట్లాంటివి వదిలేయాలి. రాశాక వెళ్ళి చదివి వినిపించాలి. మా పిల్లలు అట్లా వినిపించినప్పుడు ఒక ముసలమ్మ మూడు చోట్ల దిద్దింది. ఏ పుస్తకానికీ అంత మంచి సంపాదకులు దొరకరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పేజీల లెక్కన మార్కులు వేసినంతకాలం పిల్లలు పేజీలే నింపుతారు. నేను ఇప్పుడు పది మార్కుల్లో మూడు, ఎవరి దగ్గర ఏది తీసుకున్నారో చెప్పినందుకు వేస్తున్నాను. మూడు, ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు అన్నది చూపినందుకు. రెండు, గూడెంలో కనీసం ఒకరిని అడిగినందుకు. మిగిలిన రెండే భాషకు, దస్తూరికి. వ్యాసాలు చిన్నవి అయ్యాయి. ఒకటిన్నర పేజీ, రెండు పేజీలు. కానీ దిద్దడానికి కూర్చుంటే ఇప్పుడు నాకు తెలియని సంగతి ఏదో ఒకటి దొరుకుతోంది.

పుష్యమాసంలో మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నాగోబాకు గంగాజలం తెస్తారు. కాలినడకన కలమడుగు దగ్గర హస్తినమడుగుకు వెళ్ళి, గోదావరి నీళ్ళు ముంచుకుని, ఝరిలో మోసుకొస్తారు. దారిలో వాగులు, చెరువులు లేక కాదు. ఆ నీళ్ళు ఎక్కడివో అందరికీ తెలియాలి, అందుకే అంత దూరం నడుస్తారు. మనం రాసే ప్రతి మాట వెనక అట్లాంటి నడక ఒకటి ఉండాలి.

ఈ వేసవి సెలవుల్లో మీ ఊరి చరిత్ర రెండు పేజీలు రాయండి. ముగ్గురిని అడగండి, దొరికితే రెండు పుస్తకాలు చూడండి. వాళ్ళు కలవని చోట కలవలేదని రాయండి. మీ పేరు పైన వేసుకోండి, అది మీ హక్కు. ఆ ముగ్గురి పేర్లు, వాళ్ళ ఊళ్ళతో సహా, దాని కిందనే వేయండి. యాభై ఏళ్ళ తర్వాత మన మనవళ్ళలో ఎవరో ఒకరు ఆ కాగితం చూసి, ఆ పేరు పట్టుకుని, ఆ ఇంటికి వెళ్ళి అడగగలిగితే చాలు.